నల్లపూసలు మచ్చలు కావు: ఫొటోషాప్‌లో జూమ్ చేయడం, బొమ్మంతా తిరిగి చూడటం - సమగ్ర మార్గదర్శి

హన్మకొండలో ఆల్బమ్ డిజైనింగ్ పనిలో చేరిన కొత్తలో జరిగిన సంగతి ఇది. ఒక పెళ్లికూతురి ఫొటోను 400 శాతం జూమ్ చేసుకుని, మొటిమల మచ్చలు, మెడ మీద నల్లచుక్కలు హీలింగ్ బ్రష్‌తో ఒక్కొక్కటిగా తుడిచేశాను. రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను. మెడ అద్దంలా మెరిసింది. ఆల్బమ్ ప్రింటయి వచ్చాక పరకాల నుంచి అమ్మాయి తల్లి వచ్చింది. రెండు షీట్లు తిప్పి, మూడో షీటు మీద వేలు పెట్టి అడిగింది: "బిడ్డా, మా పిల్ల మెడల నల్లపూసలు ఏమాయె?"

పూలదండ సందుల్లోంచి అక్కడక్కడా నాలుగైదు పూసలు తొంగిచూస్తున్నాయి. 400 శాతం దగ్గర వాటిని కలిపే దారం కనబడలేదు, దండ కనబడలేదు, మనిషే కనబడలేదు. చర్మం మీద చుక్కలే కనబడ్డాయి. తుడిచేశాను. ఆ షీటు మళ్లీ నా ఖర్చుతోనే ప్రింట్ చేయించాను.

నాకు బ్రష్ పట్టడం రాక కాదు, బొమ్మలో నేను ఎక్కడున్నానో తెలియక జరిగిన తప్పు అది. ఆ తర్వాత మా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే తమ్ముళ్లకు లేయర్లు, మాస్కుల కంటే ముందు జూమ్ చేయడమే చెబుతున్నాను. కింద చెప్పేదంతా విండోస్ కంప్యూటర్‌లో ఫొటోషాప్‌ను దృష్టిలో పెట్టుకుని. మ్యాక్‌లో కంట్రోల్ బదులు కమాండ్, ఆల్ట్ బదులు ఆప్షన్ అనుకోండి. జింప్ (ఫొటోషాప్ లాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్) గురించి, ఫోన్ గురించి చివర్లో చెబుతాను.

ముందు ఆ శాతం సంగతి

ఫొటోషాప్ కిటికీలో కింద ఎడమ మూలన 17.8 శాతం, 66.67 శాతం అంటూ ఒక అంకె ఉంటుంది. పైన ట్యాబ్‌లో ఫైల్ పేరు పక్కన కూడా అదే అంకె. చాలామంది దాని వైపు చూడనే చూడరు.

ఫొటో అయినా స్క్రీన్ అయినా చిన్న చిన్న రంగు గడులతోనే ఏర్పడుతుంది, ఒక్కో గడిని పిక్సెల్ అంటారు. 100 శాతం అంటే ఫొటోలో ఒక పిక్సెల్‌కు స్క్రీన్ మీద సరిగ్గా ఒక పిక్సెల్. 200 దగ్గర ఫొటోలోని ఒక పిక్సెల్ స్క్రీన్ మీద అడ్డం రెండు, నిలువు రెండు, మొత్తం నాలుగు పిక్సెళ్ల చోటు తీసుకుంటుంది. 50 దగ్గర ఫొటోలోని నాలుగు పిక్సెళ్లు కలిసి ఒకటిగా కనబడతాయి. అంటే 100 కంటే కింద మీరు చూస్తున్నది కుదించిన బొమ్మ, 100 పైన చూస్తున్నది సాగదీసిన బొమ్మ. షార్ప్‌నెస్ ఎంత ఉంది, నాయిస్ (ఇసుక చల్లినట్టు కనబడే చుక్కలు) ఎంత ఉంది అని తేల్చాలంటే 100కు రావాల్సిందే. 33.3, 66.7 లాంటి అంకెల దగ్గర అంచులు గరుకుగా కనబడితే కంగారు పడొద్దు. 50కో 25కో మార్చి చూడండి, చాలాసార్లు ఆ గరుకు పోతుంది.

ఇంకో మాట. జూమ్ చేస్తే ఫైల్‌కు ఏమీ కాదు. పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, నాణ్యతా తగ్గదు. మనవైపు కస్టమర్లు, కొత్తగా నేర్చుకునేవాళ్లు స్క్రీన్ మీద గడులు కనబడగానే "ఫొటో పగిలింది" అంటారు. 800 శాతం దగ్గర ఎంత మంచి కెమెరా ఫొటో అయినా గడులుగానే కనబడుతుంది. కొత్త ఫొటోషాప్‌లలో 500 శాతం దాటితే పిక్సెళ్ల మధ్య సన్నని గీతలు కూడా వస్తాయి. అది పిక్సెల్ గ్రిడ్, ప్రింట్‌లో రాదు. చిరాకుగా ఉంటే వ్యూ మెనూలో షో కిందికి వెళ్లి తీసేయొచ్చు.

మొదటి అడుగు: మూడు దూరాలు గుర్తుపెట్టుకోండి

ఎన్ని శాతాలున్నా పనికొచ్చేవి మూడే. మొత్తం బొమ్మ, ప్రింట్ సైజు, 100 శాతం.

మొత్తం బొమ్మ కోసం కంట్రోల్ పట్టుకుని 0 కొట్టండి. సున్నా, 'ఓ' అక్షరం కాదు. కంట్రోల్ 'ఓ' కొడితే ఫైల్ తెరిచే పెట్టె వస్తుంది. మౌస్‌తోనే కావాలంటే టూల్స్ వరసలో చేయి గుర్తు మీద రెండుసార్లు నొక్కండి.

100 శాతానికి కంట్రోల్ 1. లేదంటే భూతద్దం గుర్తు మీద రెండుసార్లు నొక్కండి. ఇప్పటికీ ఫొటోషాప్ 7.0 మీదే బండి లాగుతున్న స్టూడియోలు మన దగ్గర ఉన్నాయి. వాళ్లు జాగ్రత్త. అందులో కంట్రోల్ 1 కొడితే రెడ్ ఛానెల్ ఒక్కటే తెరుచుకుని ఫొటో బ్లాక్ అండ్ వైట్ అయినట్టు కనబడుతుంది. దానికి 100 శాతం అంటే కంట్రోల్, ఆల్ట్, 0 మూడూ కలిపి. పొరపాటున ఛానెల్‌లోకి వెళ్లిపోతే ఎస్కేప్ కింద ఉండే కీని కంట్రోల్‌తో కలిపి నొక్కితే రంగులు తిరిగొస్తాయి.

ఇక ప్రింట్ సైజు. దీన్ని ఎవరూ నేర్పరు కానీ, ఆల్బమ్ పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది ఇదే. ప్రింటయ్యాక షీటు చేతిలో ఎంత పెద్దగా ఉంటుందో స్క్రీన్ మీద అంతే సైజులో చూడటం. దానికి చిన్న లెక్క వేయాలి.

టేపు తీసుకుని మీ మానిటర్‌లో వెలుగు వచ్చే భాగం వెడల్పు ఎన్ని అంగుళాలో కొలవండి. 21.5 అంగుళాల మానిటర్ అయితే అడ్డంగా దాదాపు 18.75 అంగుళాలు వస్తుంది (21.5 అనేది మూల నుంచి మూలకు కొలత). ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కు అడ్డంగా 1920 పిక్సెళ్లు. 1920ని 18.75తో భాగిస్తే 102. అంటే మీ స్క్రీన్ మీద అంగుళానికి 102 పిక్సెళ్లు. మీ షీటు 300 డీపీఐ, అంటే ప్రింట్‌లో అంగుళానికి 300 పిక్సెళ్లు. 102ని 300తో భాగిస్తే 34 శాతం. అంతే. కింద ఎడమ మూలన ఉన్న పెట్టెలో 34 అని కొట్టి ఎంటర్ నొక్కండి. పాత ఆల్బమ్‌లోంచి ఒక షీటు తెచ్చి స్క్రీన్ పక్కన పెట్టి చూస్తే ముఖాలు సమానంగా కనబడతాయి.

15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్ అయితే అంగుళానికి 141 వస్తుంది, ప్రింట్ సైజు 47 శాతం దగ్గర ఉంటుంది. అదే సైజులో 4కే స్క్రీన్ అయితే 280 దాటుతుంది కాబట్టి 100 శాతమే దాదాపు ప్రింట్ సైజు. అలాంటి ల్యాప్‌టాప్‌లో రీటచ్ చేసేవాళ్లకు 100 దగ్గర కూడా మచ్చలు సరిగ్గా కనబడవు, 200కు వెళ్లక తప్పదు. మీ అంకె మీరు లెక్కగట్టుకుని ఒక చీటీ మీద రాసి మానిటర్‌కు అంటించుకోండి. నా మానిటర్ మీద 34 అన్న చీటీ ఇప్పటికీ ఉంది.

ఈ లెక్కతో ఇంకో సంగతి తెలుస్తుంది. 21.5 అంగుళాల మానిటర్ మీద 100 శాతం అంటే మీరు ప్రింట్‌ను మూడింతలు పెద్దగా చేసి చూస్తున్నట్టు. 400 అంటే పన్నెండింతలు. పెళ్లికూతురి చెంప మీద చర్మరంధ్రాలు పన్నెండింతల్లో చూసి తుడిస్తే, ప్రింట్‌లో ముఖం ప్లాస్టిక్ బొమ్మలా వస్తుంది. 100 దగ్గర కనబడని మచ్చ ప్రింట్‌లో కనబడటం నేను చూడలేదు. రీటచ్‌కు 100, కంటిరెప్పల దగ్గర, జుట్టు అంచుల దగ్గర కటింగ్‌కు 200. అది దాటి పని చేయడానికి గట్టి కారణం ఉండాలి.

ఫ్లెక్స్ పని లెక్క వేరు. మేడారం జాతర రోజుల్లో కట్టే 10 బై 6 అడుగుల ఫ్లెక్స్ 72 డీపీఐలో చేస్తే 8640 బై 5184 పిక్సెళ్లు వస్తాయి. దాన్ని జనం 20 అడుగుల దూరం నుంచి చూస్తారు. 18.75 అంగుళాల స్క్రీన్ మీద ఆ దూరం ఎంత అంటే సుమారు మూడడుగులు. అంటే కంట్రోల్ 0 కొట్టి, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని చూస్తే చాలు. అక్షరాలు చదవడానికి వస్తున్నాయా, నాయకుడి ముఖం మీద పేరు ఎక్కిందా లేదా అక్కడే తెలిసిపోతుంది. ఫ్లెక్స్‌ను 300 శాతం చేసి అంచులు నున్నగా చేస్తూ కూర్చునేవాళ్లకు కరెంటు బిల్లే మిగులుతుంది.

రెండో అడుగు: చేయి ఆగకుండా జూమ్ చేయడం

జూమ్ చేయడానికి ఫొటోషాప్‌లో పది దారులున్నాయి. అన్నీ నేర్చుకోనక్కర్లేదు. నేను వాడే వరసలో చెబుతాను.

ఆల్ట్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పండి. పైకి తిప్పితే దగ్గరికి, కిందికి తిప్పితే దూరానికి. దీనిలో అందం ఏమిటంటే మౌస్ ఎక్కడ ఉంటే అక్కడికే వెళ్తుంది. ముక్కుపుడక మీద మౌస్ పెట్టి తిప్పితే ముక్కుపుడక దగ్గరికే చేరతారు. కంట్రోల్ ప్లస్, కంట్రోల్ మైనస్ కొట్టినా జూమ్ అవుతుంది కానీ, అది తెర మధ్యలో ఉన్న చోటికి వెళ్తుంది. మళ్లీ ముక్కు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆల్ట్ పట్టుకునే ఓపిక లేకపోతే ప్రిఫరెన్సెస్‌లో టూల్స్ పేజీకి వెళ్లి 'జూమ్ విత్ స్క్రోల్ వీల్' టిక్ చేయండి. అప్పటి నుంచి ఉత్త చక్రమే జూమ్ చేస్తుంది.

ఒక చోటును కచ్చితంగా తెరనిండా చూడాలంటే కంట్రోల్, స్పేస్‌బార్ రెండూ పట్టుకోండి. చేతిలో ఏ టూల్ ఉన్నా తాత్కాలికంగా భూతద్దం అవుతుంది. వదిలేయగానే మీ బ్రష్ మీకు తిరిగొస్తుంది. ఆ రెండూ పట్టుకుని మౌస్‌ను కుడికి లాగితే దగ్గరవుతుంది, ఎడమకు లాగితే దూరమవుతుంది. దీన్ని స్క్రబ్బీ జూమ్ అంటారు. అది ఆఫ్‌లో ఉంటే లాగినప్పుడు చుక్కల గడి వస్తుంది. ఆ గడిలో ఉన్న భాగం తెరనిండా పరుచుకుంటుంది. భూతద్దం ఎంచుకున్నప్పుడు పైన వచ్చే పట్టీలో దాని టిక్ ఉంటుంది. నాకైతే గడి గీసే పద్ధతే ఇష్టం, ఎక్కడికి వెళ్తున్నానో ముందే తెలుస్తుంది. మా దగ్గరి కుర్రాళ్లకు స్క్రబ్బీ జూమ్ ఇష్టం. ఎవరి అలవాటు వాళ్లది.

'జెడ్' కీ కొట్టి భూతద్దం ఎంచుకుని నొక్కుతూ పోవడం పుస్తకాల్లో మొదటి పాఠం. నిజం పనిలో అది దండగ. ప్రతిసారీ బ్రష్ వదిలి భూతద్దం, భూతద్దం వదిలి బ్రష్. 40 షీట్ల ఆల్బమ్‌లో అలా ఎన్నిసార్లు మారాలో మీరే ఊహించుకోండి.

జూమ్ మారిస్తే బ్రష్ గుండ్రం స్క్రీన్ మీద చిన్నదో పెద్దదో అయినట్టు కనబడుతుంది. బ్రష్ మారలేదు. దాని సైజు ఫొటో పిక్సెళ్లలో కొలుస్తారు కాబట్టి బొమ్మతో పాటే పెరిగి తగ్గుతుంది. గుండ్రం అసలే కనబడకుండా చిన్న ప్లస్ గుర్తు వస్తే మాత్రం క్యాప్స్ లాక్ పడిందని అర్థం.

మూడో అడుగు: స్పేస్‌బార్ మీద బొటనవేలు

జూమ్ చేశాక బొమ్మను అటూ ఇటూ జరపాలి. దీనికి కుడి పక్క, కింది పక్క ఉండే స్క్రోల్ పట్టీలు వాడకండి. స్పేస్‌బార్ నొక్కి పట్టుకోండి, మౌస్ చేయిగా మారుతుంది. బొమ్మను పట్టుకుని లాగండి. టేబుల్ మీద పరిచిన షీటును చేత్తో జరిపినట్టే. వదిలేస్తే మళ్లీ మీ బ్రష్.

ఎడమ చేతి బొటనవేలు స్పేస్‌బార్ మీద, చిటికెనవేలు కంట్రోల్ మీద పెట్టుకోవడం మొదటి వారం రోజులు ఇబ్బందిగా ఉంటుంది. తర్వాత మర్చిపోతారు. ఆ చేయి అక్కడి నుంచి కదలకూడదు, కుడి చేయి మౌస్ వదలకూడదు.

పాలిగాన్ లాసోతో (చుక్కలు కలుపుతూ ఒక భాగాన్ని ఎంచుకునే టూల్) చీర అంచు వెంట చుక్క చుక్క పెట్టుకుంటూ పోతుంటే తెర చివర వచ్చేసింది, ఎలా? చాలామంది అక్కడ ఆగిపోయి సెలెక్షన్ పాడుచేసుకుంటారు. మధ్యలోనే స్పేస్‌బార్ పట్టి బొమ్మ జరపండి, సెలెక్షన్ అలాగే ఉంటుంది, వదిలి మళ్లీ చుక్కలు పెట్టుకుంటూ వెళ్లండి. పెన్ టూల్‌కూ అంతే. వెలుగునీడలు సరిచేసే కర్వ్స్, లెవెల్స్ పెట్టె తెరిచి ఉన్నప్పుడు కూడా వెనక ఉన్న ఫొటోను కంట్రోల్ ప్లస్, మైనస్, స్పేస్‌బార్‌తో తిప్పి చూడొచ్చు. చతురస్రంగా గీసే మార్క్యూ టూల్ ఒక్కటి వేరు. గీస్తూ గీస్తూ స్పేస్‌బార్ నొక్కితే బొమ్మ కాదు, ఆ గడి జరుగుతుంది. అదీ పనికొచ్చేదే.

అక్షరాలు టైప్ చేస్తున్నప్పుడు మాత్రం స్పేస్‌బార్ స్పేస్‌బారే. చేయి రాదు, పేరు మధ్యలో ఖాళీ వస్తుంది. పెళ్లిపత్రికలో పెళ్లికొడుకు పేరు రెండు ముక్కలైందంటే కారణం చాలాసార్లు ఇదే.

మూల దగ్గర పని చేసేటప్పుడు బొమ్మ అంచు తెర అంచుకు అతుక్కుపోయి ఇంక జరగనంటుంది. 'ఎఫ్' కీ ఒకసారి కొట్టండి. ఫుల్ స్క్రీన్ పద్ధతిలోకి వెళ్లి, బొమ్మను ఎటు కావాలంటే అటు తెర మధ్యలోకి లాక్కోవచ్చు. ట్యాబ్ కీ కొడితే ప్యానెళ్లన్నీ మాయమవుతాయి, మళ్లీ కొడితే వస్తాయి. 'ఎఫ్' కొడుతూ పోతే తిరిగి మామూలు కిటికీ వస్తుంది.

నాలుగో అడుగు: ఎక్కడున్నారో తెలుసుకోవడం

చేర్యాల పటం విప్పి కథ చెప్పడం ఎప్పుడైనా చూశారా? పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్పేది అలాంటి పటం మీదే. నిలువుగా పొడవైన పటం, ఒకసారికి ఒక్క భాగమే విప్పుతారు. చూసేవాళ్లకు ఆ ఒక్క ఘట్టమే కనబడుతుంది. చెప్పేవాడికి మాత్రం పైన ఏముంది, కింద ఏం రాబోతోంది మొత్తం తెలుసు. జూమ్ చేసి పని చేసేటప్పుడు మనం చూసేవాళ్లలా కూర్చుంటాం. అదే ఇబ్బంది.

నావిగేటర్ ప్యానెల్ ఆ కొరత తీరుస్తుంది. విండో మెనూలో నావిగేటర్ నొక్కితే కుడి పక్కన ఫొటో మొత్తం చిన్నగా కనబడుతుంది. దాని మీద ఎర్ర గడి ఒకటి. ప్రస్తుతం మీ తెర మీద ఉన్న భాగం అదే. గడిని లాగితే తెర మీది బొమ్మ జరుగుతుంది. కంట్రోల్ పట్టుకుని ఆ చిన్న బొమ్మ మీద కొత్త గడి గీస్తే నేరుగా అక్కడికి జూమ్ అవుతుంది. కింద ఉన్న స్లైడర్ కూడా జూమే. మన పెళ్లి ఫొటోల్లో ఎర్రచీరల మీద ఎర్ర గడి కలిసిపోయి కనబడదు. ప్యానెల్ మూలన ఉన్న మెనూలో ప్యానెల్ ఆప్షన్స్‌కు వెళ్లి గడి రంగు లేత ఆకుపచ్చో నీలమో పెట్టుకోండి.

ప్యానెల్ పెట్టుకునే చోటు లేని చిన్న స్క్రీన్‌లకు ఇంకో ఉపాయం ఉంది. జూమ్‌లో ఉన్నప్పుడు 'హెచ్' కీ నొక్కి పట్టుకుని, బొమ్మ మీద మౌస్ నొక్కి వదలకుండా ఉండండి. ఒక్కసారిగా బొమ్మ మొత్తం కనబడుతుంది, మీ తెర సైజు గడి మౌస్‌తో పాటు తిరుగుతుంది. కావాల్సిన చోటికి తీసుకెళ్లి మౌస్ వదలండి. అదే జూమ్‌తో అక్కడ దిగుతారు. పెళ్లికూతురి చెవి దగ్గర నుంచి పెళ్లికొడుకు చెప్పుల దగ్గరికి ఒక్క దూకు. గద్ద పైకెగిరి చూసి మళ్లీ వాలినట్టు. దీన్ని బర్డ్స్ ఐ వ్యూ అంటారు.

ఈ రెండూ వద్దనుకున్నా, కనీసం పది మచ్చలకు ఒకసారి కంట్రోల్ 0 కొట్టి చూసే అలవాటు చేసుకోండి. నల్లపూసల రోజు నేను ఆ ఒక్కటి చేసి ఉంటే సరిపోయేది.

ఐదో అడుగు: సాలు పట్టి చూడటం

ప్రింట్‌కు పంపే ముందు షీటు మొత్తం 100 శాతంలో ఒకసారి చూడాలి. చాలామంది ముఖాలు చూసి వదిలేస్తారు. మూలల్లో క్లోన్ చేసిన (పక్క భాగం కాపీ చేసి అతికించిన) గోడ మీద ఒకే స్విచ్‌బోర్డు రెండుసార్లు, తీసేసిన మనిషి చేతివేళ్లు ఇంకా పక్కవాడి భుజం మీద, ఇలాంటివి మిగిలిపోతాయి.

12 బై 36 అంగుళాల షీటు 300 డీపీఐలో 10800 బై 3600 పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డీ తెర మీద ఒకసారికి కనబడేది 1920 బై 1080. అడ్డంగా ఆరు, నిలువుగా నాలుగు, మొత్తం 24 మజిలీలు. స్పేస్‌బార్‌తో ఇష్టం వచ్చినట్టు జరుపుతూ పోతే కొన్ని చోట్లు మూడుసార్లు చూస్తారు, కొన్ని అసలే చూడరు. చేను దున్నేవాడు ఎట్లా సాలు వెంట సాలు పడతాడో అట్లా చూడాలి.

ట్యాబ్ కొట్టి ప్యానెళ్లు దాచండి, 'ఎఫ్' కొట్టి తెరనిండా తెచ్చుకోండి, కంట్రోల్ 1 కొట్టండి. ఇప్పుడు హోమ్ కీ నొక్కండి. షీటు పై ఎడమ మూలకు వెళ్తారు. అక్కడ చూశాక పేజ్ డౌన్. ఒక తెర మేర కిందికి దిగుతుంది. చూడండి, మళ్లీ పేజ్ డౌన్, అడుగు వచ్చేదాకా. అడుగుకు వచ్చాక కంట్రోల్ పట్టుకుని పేజ్ డౌన్ నొక్కితే ఒక తెర మేర కుడికి జరుగుతుంది. ఇప్పుడు పేజ్ అప్ కొడుతూ పైకి. పైకి చేరాక మళ్లీ కంట్రోల్ పేజ్ డౌన్‌తో కుడికి, మళ్లీ కిందికి. అలా చివరి సాలు దాకా. ఎండ్ కీ కొడితే కింది కుడి మూలకు నేరుగా వెళ్లొచ్చు, చివరి గడి చూశామా లేదా అన్న అనుమానం తీర్చుకోవడానికి.

షీటుకు రెండు నిమిషాలు పడుతుంది. తప్పు కనబడితే అక్కడే సరిచేసి ముందుకు వెళ్లండి, 'తర్వాత చూద్దాం' అనుకుంటే మర్చిపోతారు.

ఆరో అడుగు: ఒకే ఫొటోకు రెండు కిటికీలు

వరంగల్ వాళ్ల ఇళ్లలో ఆజంజాహి మిల్లు కార్మికుల గ్రూప్ ఫొటోలు ఇంకా దొరుకుతాయి. ఒకసారి ఒకాయన అలాంటిదే తెచ్చాడు. ఆరు బై ఎనిమిది అంగుళాల ఫొటో, మూడు వరసల్లో మనుషులు, మధ్యలో తేమ మరక. "మా తాత ఇగో ఈయన. ముఖం ఒక్కటే పెద్దగ చేసి ఫ్రేమ్ కట్టియ్యాలె అన్నా" అన్నాడు.

600 డీపీఐలో స్కాన్ చేస్తే 3600 బై 4800 పిక్సెళ్లు వచ్చాయి. తాత ముఖం ఫొటోలో అయిదు మిల్లీమీటర్లు. అంటే స్కాన్‌లో ఆ ముఖానికి అందింది దాదాపు 118 పిక్సెళ్లు. 1600 శాతం జూమ్ చేసి చూపించాను. కన్ను అంటే కొన్ని బూడిదరంగు గడులే. జూమ్ లేని కన్నును తేలేదు. ముఖం ఒక్కటే ఫ్రేమ్ కడితే తాత రాడు, గడులే వస్తాయి, గ్రూప్ మొత్తం శుభ్రం చేసి కడదాం అని ఒప్పించాను.

ఇలాంటి పనికి రెండు కిటికీలు పెట్టుకోవడం మేలు. విండో మెనూ, అరేంజ్, చివర్లో 'న్యూ విండో ఫర్' అని మీ ఫైల్ పేరుతో ఒక వరుస ఉంటుంది. అది నొక్కితే అదే ఫొటో రెండో కిటికీలో తెరుచుకుంటుంది. కాపీ కాదు, అదే ఫైల్. మళ్లీ అరేంజ్‌లోనే '2-అప్ వర్టికల్' ఎంచుకుంటే రెండూ పక్కపక్కన వస్తాయి. ఎడమ దాంట్లో మొత్తం బొమ్మ, కుడి దాంట్లో 200 శాతం. కుడి పక్క మరక మీద బ్రష్ ఆడిస్తుంటే ఎడమ పక్క మొత్తంలో అది ఎలా కలుస్తోందో అప్పుడే కనబడుతుంది. తాత చొక్కా మడతను మరక అనుకుని తుడిస్తే వెంటనే దొరికిపోతారు.

రీటచ్‌కు ముందు, తర్వాత పోల్చాలంటే ఒరిజినల్‌ను విడిగా తెరిచి పక్కన పెట్టండి. అరేంజ్‌లో 'మ్యాచ్ జూమ్ అండ్ లొకేషన్' నొక్కితే రెండూ ఒకే చోట, ఒకే శాతంలో నిలబడతాయి. ఆ తర్వాత షిఫ్ట్, స్పేస్‌బార్ కలిపి పట్టుకుని లాగితే రెండూ కలిసి జరుగుతాయి. కస్టమర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

'ఆర్' కీతో తెరను తిప్పొచ్చు కూడా. కాగితాన్ని వంచుకుని రాసినట్టు, ఫొటో తిరగదు, చూపే తిరుగుతుంది. ఎస్కేప్ కొడితే నిటారుగా వస్తుంది. పెన్ టాబ్లెట్ వాడేవాళ్లకు పనికొస్తుంది, మౌస్‌వాళ్లు వదిలేయొచ్చు.

జింప్, ఫొటోపీ, ఫోన్

జింప్ ఉచితం. కీలు వేరు. కంట్రోల్ పట్టుకుని చక్రం తిప్పితే జూమ్. 1 కొడితే 100 శాతం, 2 కొడితే 200, 3 కొడితే 400. మొత్తం బొమ్మకు షిఫ్ట్, కంట్రోల్, 'జె'. మౌస్ చక్రాన్నే నొక్కి పట్టి లాగితే బొమ్మ జరుగుతుంది. ఇది ఫొటోషాప్ కంటే సుఖం. కిటికీ కింది కుడి మూలన నాలుగు బాణాల గుర్తు మీద నొక్కి పట్టుకుంటే చిన్న నావిగేటర్ తెరుచుకుంటుంది. వ్యూ మెనూలో 'డాట్ ఫర్ డాట్' టిక్ ఉందో లేదో చూసుకోండి. అది తీసేస్తే 100 శాతం అర్థమే మారిపోయి, ప్రింట్ కొలతల్లో చూపిస్తుంది.

ఫొటోపీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, కీలు చాలావరకు ఫొటోషాప్ లెక్కనే. నెట్ సెంటర్‌లో అర్జెంటుగా పని పడితే పనికొస్తుంది.

ఫోన్‌లో స్నాప్‌సీడ్ వాడేవాళ్లు రెండు వేళ్లతో సాగదీస్తే కింద ఎడమ మూలన చిన్న బొమ్మ, దాని మీద నీలి గడి వస్తుంది. హీలింగ్ చేసేటప్పుడు ఆ గడిని లాగి జరుపుకోండి. అందులో బ్రష్ సైజు మార్చే మీట ఉండదు. ఎంత జూమ్ చేస్తే బ్రష్ అంత సన్నం. మొటిమ తుడుద్దామని చూస్తే చెంప సగం కొట్టుకుపోయిందంటే జూమ్ చాల్లేదన్నమాట.

పని చేయకపోతే

'హెచ్' పట్టుకున్నా గద్ద ఎగరడం లేదు, 'ఆర్' తిప్పడం లేదు, స్క్రబ్బీ జూమ్ టిక్ బూడిదరంగులో ఉంది. ఇవన్నీ ఒకే జబ్బు. గ్రాఫిక్స్ కార్డు సాయం లేకపోతే ఇవి నడవవు. ప్రిఫరెన్సెస్‌లో పర్ఫార్మెన్స్‌కు వెళ్లి 'యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్' టిక్ చేసి, ఫొటోషాప్ మూసి తెరవండి. ఆ టిక్కే పడకపోతే కార్డు డ్రైవర్ అప్‌డేట్ చేయాలి. పాత కంప్యూటర్‌లో అదీ కుదరకపోతే నావిగేటర్, స్పేస్‌బార్, పేజ్ డౌన్ ఉండనే ఉన్నాయి. వాటికి ఏ కార్డూ అక్కర్లేదు.

షీటు ఫైనల్ చేశాక కస్టమర్‌కు వాట్సాప్‌లో పంపుతాం కదా, మామూలు ఫొటోగా పంపితే అది కుదించి పంపుతుంది. వాళ్లు ఫోన్‌లో వేళ్లతో సాగదీసి, ముఖం గడులుగా కనబడగానే "అన్నా, ఫొటో పగిలింది" అని ఫోన్ చేస్తారు. డాక్యుమెంట్‌గా పంపండి. పరకాల అమ్మకు ఆ మళ్లీ చేసిన షీటు అట్లాగే పంపాను. కాసేపటికి తిరిగి ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది, పెళ్లికూతురి మెడ దాకా జూమ్ చేసి. దండ సందుల్లో పూసలు లెక్కపెట్టుకున్నట్టుంది.